ఒక్క ఆట తేడా: 1908 బేస్‌బాల్ సీజన్‌ను తేల్చింది ఏమిటి?

1908 అక్టోబరు 7 సాయంత్రానికి అమెరికాలోని నేషనల్ లీగ్ బేస్‌బాల్ పట్టికలో చికాగో కబ్స్, న్యూయార్క్ జెయింట్స్ జట్లు రెండూ 98 గెలుపులు, 55 ఓటములతో సరిసమానంగా నిలిచాయి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ అప్పటికే తన ఆటలన్నీ ముగించుకుని, 98 గెలుపులు, 56 ఓటములతో వాటికి అర ఆట వెనక ఉంది (ఒక ఓటమి ఎక్కువ కావడాన్ని పట్టికలో అలా లెక్కిస్తారు). ఏప్రిల్ నుంచి ఆరు నెలల పాటు సాగిన పోటీలో మూడు జట్ల మధ్య మిగిలిన తేడా అంతే. మరునాడు న్యూయార్క్‌లో కబ్స్, జెయింట్స్ ఆడిన ఆటతో ఈ ముడి వీడింది. అయితే సీజన్ మొదట్లో వేసుకున్న షెడ్యూలులో ఆ తేదీన ఆ ఆట లేదు. రెండు వారాల క్రితం, సెప్టెంబరు 23న, జెయింట్స్ గెలిచిందని మైదానంలోని జనమంతా నమ్మిన ఒక ఆటను లీగ్ అధికారులు టైగా నిర్ణయించారు కాబట్టి, దానికి బదులుగా ఆడించిన ఆట అది.

ఈ కథను సాధారణంగా ఒక కుర్రవాడి పొరపాటుగా చెబుతారు. పందొమ్మిదేళ్ల ఫ్రెడ్ మర్కెల్ రెండో బేస్‌ను తాకకుండా పరుగెత్తిపోయాడు, దానివల్ల జెయింట్స్‌కు టైటిల్ పోయింది అన్నది ఆ కథనం. (బేస్‌బాల్‌లో పిచ్చర్ విసిరిన బంతిని కొట్టిన బ్యాటర్ నాలుగు బేస్‌లను వరుసగా తాకుతూ చుట్టి, నాలుగోదైన హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే జట్టు వంతు ముగుస్తుంది. రెండు జట్లకూ చెరో వంతు కలిస్తే ఒక ఇన్నింగ్స్; ఆటకు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్.) అది పూర్తిగా అబద్ధం కాదు గాని, చాలా పొట్టి నిజం. అదే సంవత్సరం అమెరికన్ లీగ్‌లో వర్షం వల్ల ఆగిపోయిన ఒక ఆటను మళ్లీ ఆడించకుండా వదిలేసినందువల్ల డెట్రాయిట్ టైగర్స్ అర ఆట తేడాతో టైటిల్ గెలిచింది. ఒక లీగ్‌లో ముగిసిందనుకున్న ఆటను మళ్లీ ఆడించారు. రెండో లీగ్‌లో జరగనే జరగని ఆటను జరగకుండానే ఉంచేశారు. రెండు చోట్లా టైటిల్ ఎవరిదన్న ప్రశ్న చివరికి ఆటగాళ్ల చేతుల్లోంచి జారి నిబంధనల పుస్తకం మీదికి, దాన్ని అమలు చేయడానికి ఉన్న అరకొర ఏర్పాట్ల మీదికి వెళ్లింది. 1908ని అలా చదివినప్పుడే మర్కెల్‌కు జరిగినది కూడా సరిగ్గా అర్థమవుతుంది.

అప్పటి పోటీ స్వరూపం ఇప్పటికంటే చాలా సరళం. ఒక్కో లీగ్‌లో ఎనిమిది జట్లు. ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితో 22 సార్లు చొప్పున మొత్తం 154 ఆటలు ఆడాలి. సెమీఫైనళ్లు, ప్లేఆఫ్‌లు లేవు. పట్టికలో పైన ఉన్న జట్టే లీగ్ విజేత. రెండు లీగ్‌ల విజేతలు అక్టోబరులో వరల్డ్ సిరీస్ ఆడతాయి. ఫ్లడ్‌లైట్లు లేని కాలం కనుక ఆటలు మధ్యాహ్నం మొదలై చీకటి పడేలోగా ముగియాలి. స్కోరు సమంగా ఉండగా వెలుతురు పోతే ఆట టై. దాన్ని తరువాత ఎప్పుడో, తరచుగా ఒకే రోజు రెండు ఆటలు ఆడించే పద్ధతిలో, మళ్లీ ఆడించేవారు. వర్షానికి పోయిన ఆటలదీ అదే దారి. కాని మళ్లీ ఆడించడానికి తేదీ దొరకకపోతే ఏమిటి అన్న ప్రశ్నకు రెండు లీగ్‌ల దగ్గరా గట్టి సమాధానం లేదు. సీజన్ చివర జట్ల మధ్య పది ఆటల దూరం ఉన్నంత కాలం ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

టైలు, ఒక్క పరుగు తేడాలు అంత తరచుగా రావడానికి ఆట తీరే కారణం. 1908లో రెండు లీగ్‌లలోనూ బ్యాటర్ల సగటు .239, అంటే వెయ్యి ప్రయత్నాలకు 239 హిట్లు. ఒక జట్టు ఒక ఆటలో సగటున మూడున్నర పరుగులు కూడా చేసేది కాదు. ఒకే బంతిని మెత్తబడి, నల్లబడే దాకా వాడేవారు. పిచ్చర్లు దానికి ఉమ్మి రాయడం అప్పటికి నిషిద్ధం కాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడేళ్లలో రెండు లీగ్‌లూ ఫౌల్ బంతులను, అంటే గీత బయటికి కొట్టిన వాటిని, స్ట్రైకులుగా (మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔట్) లెక్కించే నిబంధన తేవడంతో బ్యాటర్ మరింత ఇరుకున పడ్డాడు. బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టడం అరుదైన విడ్డూరం. పరుగు అంటే ఒక చిన్న హిట్టు, ఒక త్యాగపు బంటు (తాను ఔటైనా సహచరుణ్ణి ముందుకు జరపడానికి బంతిని మెల్లగా తట్టడం), ఒక దొంగిలించిన బేస్ (హిట్టు లేకుండానే పరుగెత్తి చేరినది), మరో చిన్న హిట్టు. అలాంటి ఆటలో ఒక్కో పరుగు లెక్కకు వస్తుందా రాదా అన్నది చిన్న విషయం కాదు. సగటున పది పరుగులు వచ్చే ఆటలో మర్కెల్ ఉదంతం బహుశా ఒక ఫుట్‌నోటుగా మిగిలేది.

మూడు జట్లూ గొప్పవే. కబ్స్ 1906లో 116 ఆటలు గెలిచి రికార్డు సృష్టించింది. 1907లో డెట్రాయిట్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఫస్ట్ బేస్‌లో ఆడుతూనే జట్టును నడిపిన ఫ్రాంక్ చాన్స్, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్ (షార్ట్‌స్టాప్) జో టింకర్, సెకండ్ బేస్‌మన్ జానీ ఎవర్స్ దాని వెన్నెముక. టింకర్‌కూ ఎవర్స్‌కూ 1905 నుంచి మైదానం బయట మాటలు లేకపోయినా, బంతి మాత్రం వాళ్ల మధ్య సాఫీగానే తిరిగేది. చిన్నతనంలో పొలం యంత్రంలో చిక్కుకుని చూపుడువేలు చాలా వరకు పోగొట్టుకున్న మోర్డెకై బ్రౌన్ ఆ లోపంతోనే బంతిని వింతగా వంచేవాడు. ఆ ఏడాది 29 ఆటలు గెలిచాడు. జెయింట్స్ పక్షాన జాన్ మెక్‌గ్రా నిర్వహణ, క్రిస్టీ మాథ్యూసన్ పిచ్చింగ్. మాథ్యూసన్ 37 ఆటలు గెలిచాడు. 390కి పైగా ఇన్నింగ్స్ విసిరి, ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి మినహాయిస్తే, ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.43 పరుగులే ఇచ్చాడు. పైరేట్స్‌కు హోనస్ వాగ్నర్ ఉన్నాడు. సీజన్‌కు ముందు ఆట మానేస్తానని చెప్పి, 10,000 డాలర్ల జీతానికి తిరిగొచ్చిన వాగ్నర్, లీగ్ అంతా .239 కొట్టిన ఏడాదిలో తానొక్కడూ .354 కొట్టాడు. ఆ బలహీన బ్యాటింగ్ నడుమ ఆ అంకెను నిలబెట్టి చూస్తేనే దాని ఎత్తు తెలుస్తుంది. ఈ గొప్పతనమంతా తెల్లవారికే పరిమితమైన లీగ్‌లలోది అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. అదే చికాగో నగరంలో రూబ్ ఫోస్టర్ వంటి నల్లజాతి పిచ్చర్ లీలాండ్ జెయింట్స్ తరఫున ఆడుతుండగా, ఎక్కడా రాసిపెట్టని ఒక కట్టుబాటు అతణ్ణి ఈ పట్టికకు దూరంగా ఉంచింది.

రాసిపెట్టని కట్టుబాట్ల బలం ఎంతో, రాసిపెట్టిన నిబంధన ఒకటి ఆ సెప్టెంబరులోనే బయటపెట్టింది. మూడో ఔట్ ఫోర్స్ ఔట్ అయితే, ఆ బంతికి హోమ్ ప్లేట్‌కు చేరిన పరుగు లెక్కకు రాదని అప్పటి పుస్తకంలోని 59వ నిబంధన చెప్పేది. ఫోర్స్ ఔట్ అంటే, వెనక బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తుకొస్తున్నాడు కనుక తప్పనిసరిగా ముందుకు జరగాల్సిన రన్నర్, తరువాతి బేస్‌ను చేరేలోగా ఆ బేస్ దగ్గరికి బంతి రావడం. క్రికెట్ తెలిసిన వారికి దీన్ని ఇలా చెప్పవచ్చు: చివరి బంతికి గెలుపు పరుగు కావాలి, బ్యాటర్ కొట్టి అవతలి క్రీజు చేరాడు, నాన్‌స్ట్రైకర్ మాత్రం గెలిచేశామనుకుని క్రీజు వైపు పోకుండా పెవిలియన్‌కు పరుగెత్తాడు, ఫీల్డర్ బంతి అందుకుని ఆ క్రీజు దగ్గర వికెట్లు పడగొట్టాడు. పరుగు పూర్తి కాలేదు, గెలుపూ లేదు. పుస్తకం ప్రకారం సందేహమే లేదు. కాని చివరి ఇన్నింగ్స్‌లో గెలుపు పరుగు వచ్చిన క్షణంలో వెనక ఉన్న రన్నర్ తరువాతి బేస్ దాకా వెళ్లడం అనే పనిని అప్పటి ఆటగాళ్లు దాదాపుగా మానేశారు, అంపైర్లు అడగడమూ మానేశారు.

ఎందుకు మానేశారన్నదానికి కారణం మైదానాల నిర్మాణంలో ఉంది. ఆట ముగియగానే ప్రేక్షకులు మైదానం మీదుగానే బయటికి నడిచి వెళ్లేవారు. న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో ఆటగాళ్ల గదులు సెంటర్ ఫీల్డ్ చివర ఉండేవి. వేల మంది జనం మైదానంలోకి దూకేలోగా అక్కడికి చేరకపోతే టోపీ మిగలదు, చొక్కా మిగలదు. గెలుపు హిట్టు కనబడగానే అటువైపు పరుగందుకోవడం క్రమశిక్షణ లోపం కాదు, ఆత్మరక్షణ. ఒక నిబంధనను పాటించడం అసాధ్యంగా ఉండే చోట దాన్ని పాటించకపోవడమే ఆచారమవుతుంది. కొంతకాలానికి ఆ ఆచారమే నిబంధన అని అందరూ అనుకుంటారు.

నిబంధనల పుస్తకాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటాడని పేరు తెచ్చుకున్న ఎవర్స్ ఈ ఖాళీని చూశాడు. సెప్టెంబరు 4న పిట్స్‌బర్గ్‌లో కబ్స్, పైరేట్స్ మధ్య ఆట పరుగులేవీ లేకుండా పదో ఇన్నింగ్స్‌కు చేరింది. పైరేట్స్ బ్యాటర్ కొట్టిన హిట్టుకు మూడో బేస్ నుంచి ఫ్రెడ్ క్లార్క్ హోమ్‌కు చేరాడు. మొదటి బేస్ మీదున్న కొత్త ఆటగాడు వారెన్ గిల్ రెండో బేస్ దాకా వెళ్లకుండానే పక్కకు తిరిగాడు. ఎవర్స్ బంతి తెప్పించుకుని, రెండో బేస్ మీద నిలబడి, గిల్ ఔట్ అని అంపైర్ హ్యాంక్ ఓడేకు చెప్పాడు. ఆ రోజు ఆటకు ఓడే ఒక్కడే అంపైర్. పరుగు హోమ్‌కు చేరడం చూస్తున్న మనిషి రెండో బేస్ దగ్గర ఏం జరుగుతున్నదో చూడలేడు. తాను చూడలేదు కనుక ఔట్ ఇవ్వలేనన్నాడు. కబ్స్ ఫిర్యాదు చేసింది. లీగ్ అధ్యక్షుడు హ్యారీ పులియం దాన్ని తోసిపుచ్చాడు. పైరేట్స్ 1-0తో గెలిచినట్టు ఉండిపోయింది.

చాలామంది రచయితలు ఈ ఆటను మర్కెల్ ఆటకు ముందుమాటగా మాత్రమే చూస్తారు. నిజానికి అసలు మలుపు ఇక్కడే ఉంది. జరిగింది తప్పు కాదని పులియం అనలేదు. కళ్లారా చూడటమనే విషయంలో అంపైర్ మాటే తుది మాట అన్నాడు. అంటే నిబంధన బతికే ఉందనీ, అంపైర్ చూస్తే చాలు అది కరుస్తుందనీ ఆ తీర్పులోనే ఉంది. అయినా పత్రికల్లో వచ్చిన ఈ సంగతిని హెచ్చరికగా భావించి మిగిలిన జట్లకు ఒక లేఖ రాయాలని లీగ్ కార్యాలయానికి తట్టలేదు. తమ ఆటగాళ్లను పిలిచి చెప్పాలని జెయింట్స్ యాజమాన్యానికీ తట్టలేదు. నిబంధనల్లో ఎంతో దిట్ట అనిపించుకున్న మెక్‌గ్రా చేతుల్లో పందొమ్మిది రోజుల వ్యవధి ఉంది.

సెప్టెంబరు 23న పోలో గ్రౌండ్స్‌లో దాదాపు 20 వేల మంది ప్రేక్షకులు. జెయింట్స్ ఫస్ట్ బేస్‌మన్ ఫ్రెడ్ టెన్నీకి ఆ ఉదయం నడుము పట్టేసింది. అతడి బదులుగా మర్కెల్‌ను దించారు. లీగ్‌లో అందరికన్నా చిన్నవాడైన మర్కెల్‌కు ఆ సీజన్‌లో మొదటి నుంచి ఆడే అవకాశం రావడం అదే మొదటిసారి. అయిదో ఇన్నింగ్స్‌లో టింకర్ కొట్టిన బంతిని ఫీల్డర్లు అందుకుని విసిరేలోగా అతడు నాలుగు బేస్‌లూ చుట్టేశాడు. కబ్స్‌కు ఒక పరుగు. ఆరో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ సమం చేసింది. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో, ఇద్దరు ఔటైన తరువాత, మూస్ మెక్‌కార్మిక్ మొదటి బేస్ మీద ఉండగా మర్కెల్ కుడివైపు మంచి హిట్టు కొట్టి అతణ్ణి మూడో బేస్‌కు చేర్చాడు. ఆ హిట్టును తరువాతి రోజుల్లో ఎవరూ తలచుకోలేదు. అది లేకపోతే పొరపాటుకు అవకాశమే ఉండేది కాదు.

తరువాత వచ్చిన అల్ బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి నేరుగా సెంటర్ ఫీల్డ్‌లోకి దూసుకుపోయింది. మెక్‌కార్మిక్ హోమ్‌కు చేరాడు. జనం దూకారు. మర్కెల్ రెండో బేస్‌కు సగం దారిలో పక్కకు తిరిగి సెంటర్ ఫీల్డ్ వైపు పరుగెత్తాడు. ఎవర్స్ రెండో బేస్ మీద నిలబడి బంతి కోసం కేకలు వేశాడు. సెంటర్ ఫీల్డర్ సాలీ హాఫ్‌మన్ విసిరిన బంతి దారి తప్పి, మూడో బేస్ దగ్గర శిక్షకుడిగా నిలబడిన జెయింట్స్ పిచ్చర్ జో మెక్‌గినిటీ చేతికి వెళ్లిందనీ, అతడు దాన్ని జనంలోకి విసిరేశాడనీ కబ్స్ వాదన. ఎవర్స్ చేతికి చివరికి చేరిన బంతి అసలుదేనా, మరొకటా అన్నదాని మీద ఎవరి సాక్ష్యం వారిది. ఏదైతేనేం, ఎవర్స్ ఒక బంతితో రెండో బేస్ తొక్కి నిలబడ్డాడు.

ఈసారి ఇద్దరు అంపైర్లు ఉన్నారు. బేస్‌ల దగ్గరి అంపైర్ బాబ్ ఎమ్‌స్లీ, బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి తనకు తగలకుండా కింద పడిపోయాడు. లేచేసరికి మర్కెల్ ఎక్కడున్నాడో తెలియదు. హోమ్ ప్లేట్ వెనక ఉన్న రెండో అంపైర్ హ్యాంక్ ఓడే. పిట్స్‌బర్గ్‌లో చూడలేదన్న మనిషే ఈసారి చూశాడు. మర్కెల్ ఔట్, పరుగు చెల్లదు అన్నాడు. అప్పటికి వేల మంది మైదానంలో ఉన్నారు, వెలుతురు తగ్గుతోంది. ఆట 1-1 టై అని తేల్చాడు. గెలిచామనుకుని ఇళ్లకు వెళ్లిన న్యూయార్క్ జనంలో చాలామందికి ఈ సంగతి తరువాత గాని తెలియలేదు.

రెండు జట్లూ ఈ తీర్పును ఒప్పుకోలేదు. గెలుపు తమదేనంది జెయింట్స్. మైదానాన్ని ఖాళీ చేయించి ఆట కొనసాగించడం ఆతిథ్య జట్టు బాధ్యత కనుక, అది చేయలేదు కాబట్టి ఆట తమకే దక్కాలంది కబ్స్. రెంటినీ పులియం తోసిపుచ్చాడు. సెప్టెంబరు 4న ఏ సూత్రం చెప్పాడో దాన్నే మళ్లీ చెప్పాడు: చూసిన అంపైర్ మాటే తుది మాట. న్యూయార్క్ పత్రికలు అతణ్ణి పిరికివాడన్నాయి, పక్షపాతి అన్నాయి. కాని మూడు వారాల్లో రెండు వేరు ఫలితాలు వచ్చినా సూత్రం మారలేదన్నది గమనించాలి. మారినది అంపైర్ చూపు. ఒక లీగ్ టైటిల్ ఒక మనిషి ఆ క్షణంలో ఎటు తల తిప్పాడన్నదాని మీద ఆధారపడటం అన్యాయంగా తోచవచ్చు. అయితే ఆ అన్యాయం పులియం తీర్పులో లేదు, ఆటకు ఒకరినో ఇద్దరినో అంపైర్లను పంపి సరిపెట్టుకున్న పొదుపులో ఉంది. విషయం లీగ్ డైరెక్టర్ల బోర్డుకు వెళ్లింది. స్వార్థం ఉన్న చికాగో, పిట్స్‌బర్గ్ యజమానులు తప్పుకోగా మిగిలిన ముగ్గురు అక్టోబరు మొదటి వారంలో పులియం నిర్ణయాన్నే ఖాయం చేసి, అవసరమైతే అక్టోబరు 8న మళ్లీ ఆడాలన్నారు.

‘అవసరమైతే’ అన్న మాట వెనక ఒక సీజన్ మొత్తం ఉంది. సెప్టెంబరు 26న కబ్స్ పిచ్చర్ ఎడ్ రూల్‌బాక్ బ్రూక్లిన్ మీద ఒకే రోజు రెండు పూర్తి ఆటలు విసిరి, రెండింటిలోనూ ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. పెద్ద లీగ్‌లలో అంతకు ముందు గాని తరువాత గాని ఎవరూ చేయని పని అది. మరోవైపు జెయింట్స్‌కు ఫిలడెల్ఫియా నుంచి ఊహించని దెబ్బ తగిలింది. పెన్సిల్వేనియా బొగ్గు గనుల ప్రాంతం నుంచి వచ్చిన హ్యారీ కోవెలెస్కీ అనే కొత్త ఎడమచేతి పిచ్చర్ సెప్టెంబరు 29, అక్టోబరు 1, అక్టోబరు 3 తేదీల్లో, అంటే అయిదు రోజుల్లో మూడుసార్లు జెయింట్స్‌ను ఓడించాడు. ఆ మూడింటిలో రెండు గెలిచి ఉంటే అక్టోబరు 8 నాటి ఆటకు అవసరమే ఉండేది కాదు. జెయింట్స్ నేరుగా టైటిల్ అందుకునేది. మర్కెల్ వల్ల ఒక గెలుపు పోయిందనేవారు కోవెలెస్కీ తీసుకుపోయిన మూడింటిని ఏ ఖాతాలో వేస్తారో చెప్పాలి.

అక్టోబరు 4న చికాగోలో, 30 వేలకు పైగా జనం ముందు, కబ్స్ 5-2తో పైరేట్స్‌ను ఓడించింది. ఆ ఆట గెలిచి ఉంటే పైరేట్స్‌కు టైటిల్ దాదాపు ఖాయమయ్యేది. ఆ ఓటమితో అది చూస్తూ కూర్చోవలసి వచ్చింది. జెయింట్స్ బోస్టన్ మీద చివరి మూడు ఆటలూ గెలిచి కబ్స్‌తో సమమైంది.

అక్టోబరు 8న పోలో గ్రౌండ్స్ చుట్టూ చేరిన జనాన్ని లోపల పట్టించడం సాధ్యం కాలేదు. కంచెలు విరిగాయి. పక్కనున్న కొండ అంచు మీద, ఎత్తున వెళ్లే రైలు మార్గం మీద మనుషులు వేలాడారు. రైలు మార్గం స్తంభం మీద నుంచి పడి ఒక అగ్నిమాపక సిబ్బంది చనిపోయాడు. ఆటకు ముందు అంపైర్లు బిల్ క్లెమ్, జిమ్మీ జాన్‌స్టన్‌లకు జెయింట్స్ జట్టు వైద్యుడు లంచం ఇవ్వజూపాడన్న ఆరోపణ తరువాత విచారణకు వచ్చి, అతణ్ణి ఆటస్థలాల నుంచి జీవితాంతం నిషేధించారు. అంపైర్లు లొంగలేదు. మొదటి ఇన్నింగ్స్‌లోనే జెయింట్స్ ఒక పరుగు తీయగా, చాన్స్ తన పిచ్చర్ జాక్ ఫీస్టర్‌ను తప్పించి బ్రౌన్‌ను దించాడు. మూడో ఇన్నింగ్స్‌లో టింకర్ మాథ్యూసన్ బంతిని సెంటర్ ఫీల్డర్ తల మీదుగా కొట్టాడు, మూడు బేస్‌లు. అక్కడి నుంచి కబ్స్ నాలుగు పరుగులు తీసింది. చివరికి 4-2. అప్పటికి దాదాపు 390 ఇన్నింగ్స్ విసిరి ఉన్న చేతిలో ఆ రోజు మాథ్యూసన్‌కు మామూలు పదును లేకపోవడంలో వింతేమీ లేదు.

అమెరికన్ లీగ్‌లో ఇంత నాటకం మైదానంలో కనబడలేదు గాని, లెక్క మరింత విచిత్రం. ఎడ్ వాల్ష్ 464 ఇన్నింగ్స్ విసిరి 40 ఆటలు గెలిచి చికాగో వైట్ సాక్స్‌ను భుజాన మోశాడు. అక్టోబరు 2న క్లీవ్‌లాండ్‌లో అతడు 15 మందిని స్ట్రైకౌట్ చేసి ఒక్క పరుగే ఇచ్చినా ఓడిపోయాడు, ఎందుకంటే అవతల ఆడీ జాస్ ఒక్క బ్యాటర్‌ను కూడా మొదటి బేస్‌కు చేరనివ్వలేదు. సీజన్ ముగిసేసరికి డెట్రాయిట్ 90 గెలుపులు, 63 ఓటములు. క్లీవ్‌లాండ్ 90 గెలుపులు, 64 ఓటములు. వైట్ సాక్స్ 88 గెలుపులు, 64 ఓటములు. గెలుపులు సమానమే అయినా డెట్రాయిట్ ఒక ఆట తక్కువ ఆడింది. వర్షానికి పోయిన ఆ ఆటను మళ్లీ ఆడాలన్న నిబంధన లేదు. చివరి రోజు, అక్టోబరు 6న, డెట్రాయిట్ చికాగోలో 7-0తో వైట్ సాక్స్‌ను ఓడించింది. ఆ ఆట వైట్ సాక్స్ గెలిచి ఉంటే 89 గెలుపులు, 63 ఓటములతో దాని గెలుపుల శాతం క్లీవ్‌లాండ్ శాతం కన్నా వెంట్రుకవాసి ఎక్కువగా ఉండేది. అంటే 90 ఆటలు గెలిచిన జట్టును కాదని 89 గెలిచిన జట్టుకు టైటిల్ దక్కేది, కేవలం రెండు ఆటలు ఆడనందువల్ల. ఇది చూసిన లీగ్ ఆ తరువాత, టైటిల్ మీద ప్రభావం ఉండే వాయిదా ఆటలను తప్పక ఆడించాలన్న నిబంధన తెచ్చింది.

ఇక్కడ క్లీవ్‌లాండ్‌కు జరిగిన నష్టం జెయింట్స్ నష్టం కన్నా ఏ మాత్రం తక్కువ కాదు. అయినా దాన్ని ఎవరూ పెద్దగా గుర్తుంచుకోలేదు. నిందించడానికి అక్కడ ఒక ముఖం లేదు. మర్కెల్‌ను పిలిచినట్టు వర్షాన్ని ‘బోన్‌హెడ్’ (మట్టిబుర్ర) అని పిలవలేం. న్యూయార్క్‌లో ముఖం దొరికింది. దేశంలోకెల్లా ఎక్కువ పత్రికలు ఉన్న నగరం, తీర్పు ఇచ్చిన అధికారి మీద కోపం, ముందే హెచ్చరించని జట్టు యాజమాన్యం అన్నీ కలిసి, అందరికన్నా తక్కువ బలం ఉన్న వాడి మీద వాలాయి. మెక్‌గ్రా మాత్రం ఆ నింద వేయలేదు. మర్కెల్‌ను జట్టులో ఉంచుకున్నాడు, జీతం పెంచాడు. తన తప్పును కప్పిపుచ్చుకోవడానికి ఇతరులను తిట్టడంలో వెనుకాడని మనిషి ఇక్కడ అలా చేయకపోవడం చూస్తే, ఆ రోజు జరిగినదాన్ని ఆట లోపలివారు ఎలా చూశారో తెలుస్తుంది.

డెట్రాయిట్‌ను 4-1తో ఓడించి కబ్స్ వరుసగా రెండోసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. అక్టోబరు 14న డెట్రాయిట్‌లో జరిగిన చివరి ఆటకు 6,210 మందే వచ్చారు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అంత తక్కువ జనం మరెప్పుడూ లేరు. కబ్స్‌కు మళ్లీ ఆ విజయం 2016లో గాని రాలేదు. 1909లో ఫిలడెల్ఫియాలో షైబ్ పార్క్, పిట్స్‌బర్గ్‌లో ఫోర్బ్స్ ఫీల్డ్ కాంక్రీటు, ఉక్కుతో లేచాయి; పోలో గ్రౌండ్స్ చెక్క స్టాండ్లు 1911లో కాలిపోయాక అక్కడా కాంక్రీటే వచ్చింది. ఆటకు ఇద్దరు అంపైర్లు ఉండటం కొద్ది ఏళ్లలో మామూలైంది. పులియం 1909 ఆరంభంలో మానసికంగా కుంగిపోయి కొంతకాలం సెలవులో ఉన్నాడు. తిరిగి వచ్చిన కొన్నాళ్లకు, జులైలో, న్యూయార్క్‌లో తన గదిలో తుపాకీతో కాల్చుకుని మరణించాడు. ఆ చావును ఒక్క సెప్టెంబరు సాయంత్రానికి ముడిపెట్టేవారు ఉన్నారు గాని, అతడి మీద యజమానుల తగాదాల భారం అంతకు ముందు నుంచే ఉంది.

మర్కెల్ 1910 నుంచి జెయింట్స్ ఫస్ట్ బేస్‌లో స్థిరపడ్డాడు. 1911, 1912, 1913లలో ఆ జట్టు వరుసగా లీగ్ టైటిళ్లు గెలిచినప్పుడు అతడు అందులో ముఖ్యుడు. 1916లో బ్రూక్లిన్ తరఫున వరల్డ్ సిరీస్ ఆడాడు. 1917లో అతణ్ణి తీసుకున్న జట్టు చికాగో కబ్స్. మరుసటి ఏడాది ఆ జట్టుతోనూ వరల్డ్ సిరీస్‌కు వెళ్లాడు. అయిదుసార్లూ అతడి జట్టు ఓడింది. 1956లో ఫ్లోరిడాలో చనిపోయాడు. న్యూయార్క్‌కు దూరంగా ఉండటానికే ఇష్టపడిన అతడు 1950లో ఒకసారి పాత ఆటగాళ్ల వేడుకకు పోలో గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు, జనం చప్పట్లు కొట్టారు.